రెండో పేజీలో జారిన తీగ

సంగీత కళాశాలలో పరీక్ష హాలు బయట, పియానోలు శ్రుతి చేసే ఆయన పనిముట్ల సంచీ ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. తలుపు తోసుకుని కూతురు బయటికి వచ్చింది.

"ఏమన్నారే?"

"పాసయ్యాను నాన్నా! పియానో ఎమ్మే చేతికొచ్చేసినట్టే. పరీక్షకులు ముగ్గురూ లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు."

"నా తల్లే! పోయినేడులా మధ్యలో ఆపేసి తప్పుతావేమోనని ఇక్కడ చెవులు తలుపుకే అప్పగించి కూర్చున్నాను."

"అప్పుడు తీగ శ్రుతి తప్పగానే చెయ్యి దానంతటదే ఆగిపోయింది. నేనేం చెయ్యను? అపస్వరం వినబడితే అన్నం ముందునుంచి లేచిపోయే మనిషి కూతుర్ని."

"అందుకేగా ఈసారి పొద్దున్నే వచ్చి, ఎనభై ఎనిమిది మెట్లూ ఒక్కొక్కటే శ్రుతి చేశాను."

"చేశావు. అయినా రెండో పేజీలోనే ఓ తీగ జారింది."

"ఏదీ?"

"సరిగ్గా నడిమిది. చీటికీమాటికీ అదే వస్తుంది. ఇరవై నిమిషాలు దాంతోనే కాపురం చేశాను. అయినా నేను ఆగలేదు!"

"చాల్లే, కోతలు కొయ్యకు. జారితే నాకు తెలీదూ? వీధి చివర నుంచున్నా పట్టేస్తాను."

"వెళ్లి చూసుకో మరి."

ఆయన లోపలికి వెళ్లి ఆ మెట్టు నొక్కాడు. మళ్లీ నొక్కాడు. సంచీ విప్పకుండానే తిరిగి వచ్చాడు.

"జారింది. బాగానే జారింది."

"మరి నీకెందుకు వినబడలేదు?"

"ముప్పయ్యేళ్లుగా పియానోలే వింటున్నానమ్మా. ఇవాళ సంగీతం విన్నాను."