కుండీలో మాత్రలు

బోర్డులు రాసే తమ్ముడి బైపోలార్ మాత్రలు పూలకుండీ మట్టిలో దొరికాయి. అక్క వాటిని అతని ముందు కుమ్మరించింది.

“నెల్లాళ్లుగా మొక్కకి వైద్యం చేస్తున్నావట్రా? అది నిమ్మళంగానే ఉంది. నీకే మూడ్రోజులుగా కునుకు లేదు!”

“వేసుకుంటే చెయ్యి వణుకుతోందక్కా. అక్షరం వంకర పోతోంది.”

“పోయినసారి మానేసి, ఎదురింటాయన కారుకి పులిచారలు వేశావు. అవి మాత్రం తిన్నగా వచ్చాయి!”

“ఎగతాళా? చెయ్యి పోతే నాకేం మిగుల్తుంది?”

“ఎగతాళి కాదు, ఒళ్లు మంట! వణుకు సంగతి డాక్టరుకి చెప్పావా?”

“లేదు.”

“మొక్కకి చెప్పుకున్నావన్నమాట.”

అతను చెయ్యి చాచాడు. “చూడు, ఇప్పుడు వణుకుతోందా?”

వణకలేదు. అందుకే ఆమెకు భయం వేసింది.

“చెప్పులేసుకో. ఈ ముక్క డాక్టరు ముందు అందువుగాని.”

కుండీని కూడా చంకనెత్తుకుంది.