చోటు పట్టిన తరంగం

పడమటి గాలుల కాలంలో లాసెం తీరాన కాఫీ కొట్టు నడిపే వాస్తికి గ్లాసులు కడగడం ఒక నెపం మాత్రమే. ఆమె చెవులు రెండూ అరమీద ఉన్న రేడియోకే అప్పగించి ఉండేవి. ఒకనాటి ఉదయం ఆమె భర్త కస్మూరి సముద్రం మీదినుంచి మాట్లాడుతూ, పడవ ఇంజను దగ్గుతున్నదనీ, మధ్యాహ్నపు నమాజు వేళ మళ్లీ పలుకుతాననీ చెప్పాడు. నమాజు వేళ దాటింది. ఎండ వాలింది. రేడియో పలకలేదు.

పలకకపోవడం ఒక్కటే అయితే ఆమె ఓర్చుకునేదేమో. ఎవరూ మాట్లాడనప్పుడు కూడా ఆ రేడియో ఇసుకను జల్లెడ పట్టినట్టు 'సుయ్' మంటూ ఉండేది. మధ్యాహ్నం నుంచి ఆ సవ్వడి కూడా లేదు. ఆ మౌనం అడుగునుంచి ఎప్పుడో ఒకసారి సన్నని ఈల, దోమ పాటలాగా లేచి, అణగిపోతున్నది.

"రేడియో చచ్చిందేమో వదినా," అన్నాడు పొరుగు పడవ యజమాని సర్కుం, ఆ తీరపు మగవాళ్ల అలవాటు చొప్పున కాఫీ మడ్డిని పుల్లతో సిగరెట్టు మీద పూసుకుంటూ.

"చావడమా! నేను బాగుచేసిన రేడియో నాకంటే ముందు చావదు," అంటూ లోపలికి వచ్చాడు పాక్ జుమాది. పెద్దవాళ్లను 'పాక్' అని పిలవడం ఆ ఊరి వాడుక. జుమాది అక్కడి రేడియోలకు వైద్యుడు. తన ఇంటిమీది ఏరియల్ గడ కన్నా ఎత్తైనది ఆ తీరంలో మరొకటి లేదని తానే చాటుకునే పెద్దమనిషి. "అమ్మాయ్, ఒక కాఫీ. మడ్డి చిక్కగా ఉండాలి."

మరొక రోజైతే వాస్తి నవ్వి ఉండేది. వయసులో పెద్దవాణ్ణి నోరు మూసుకొమ్మనడం ఆ ఊరి మర్యాద కాదు గనుక, కాఫీ పోసి ఇచ్చి, చెవిని అర వైపు మరికొంత వంచింది.

"నా కొత్త ట్రాన్స్‌మిటర్ సంగతి మీకు చెప్పానా?"

"నిన్న చెప్పారు. మొన్నా చెప్పారు," అన్నాడు సర్కుం.

"అది సగమే. అసలు సంగతి విను. రేడియోలో మాట అనేది చేపలాంటిది. చేప తనంతట తాను సంతకి నడిచి పోతుందా? కావడి మోసేవాడు ఒకడు కావాలి గదా, వాణ్ణే మేం క్యారియర్ అంటాం, క్యారియర్ తరంగం. నువ్వు నోరు తెరవకపోయినా సరే, మీట నొక్కి ఉంచితే చాలు, వాడు ఖాళీ కావడి భుజానేసుకుని నిలబడే ఉంటాడు. ఊళ్లో అందరి క్యారియర్లూ బక్కప్రాణాలు, నాది మల్లయోధుడు. మొదటిరోజు ఇలా మీట నొక్కానో లేదో, పక్కింట్లో ట్యూబులైటు దానంతటదే వెలిగింది!"

"అది మాత్రం నిజమే. మా అత్త ఇల్లే అది. దయ్యమనుకుని వీధిలోకి పరిగెత్తింది."

ఒక్క సాక్షి దొరకడమే చాలు, జుమాది చాప మీద మఠం వేసుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీధి వీధంతా వెలిగింది. మా ఆవిడ ఏరియల్ తీగకి కుండ తగిలిస్తే అన్నం ఉడికింది. ఉడికిందంటే ఉత్తినే కాదు, నేను పాట పాడితే మెత్తగా, తిడితే పలుకుగా! సరే, అది ఇంటి సంగతి. మర్నాడు పిచ్చుకలు చూశాను, నడిసముద్రం మీద గాలిలో బారుగా కూర్చున్నాయి. తీగ లేదు, కొమ్మ లేదు. నా తరంగం మీద కూర్చున్నాయి!"

"పాక్, ఒక్క క్షణం." వాస్తి చెయ్యి ఎత్తింది. ఈల మళ్లీ లేచింది, వణికింది, పోయింది. "విన్నారా?"

"గాలి, అమ్మాయ్, గాలి. కస్మూరి వచ్చేస్తాడు, కంగారు పడకు. ఎక్కడున్నాను? ఆఁ, పిచ్చుకలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బావేయన్ దీవి దగ్గర ఇనుప ఓడ ఒకటి ఆగిపోయింది. దాని కప్తాను రేడియోలో నా కాళ్లు పట్టుకున్నాడు. 'అయ్యా, సముద్రానికి అడ్డంగా ఏదో మోకు కట్టారు, కాస్త పైకెత్తండి' అని. పైకెత్తాను, పాపం! వాడు కింద నుంచి దూరిపోయాడు. ఇక నా గొంతంటావా, భూమి చుట్టూ తిరిగొచ్చి నా వీపు మీద చరిచింది. ఎవడ్రా అని వెనక్కి తిరిగితే, నేను పొద్దున పెట్టిన సలామే!"

"ఇంకా నయం, తిట్టు పెట్టలేదు," అన్నాడు సర్కుం.

"నవ్వు, నవ్వు. నా తరంగం నిలబడ్డచోట ఈగ కూడా దూరదు. దాన్ని దాటి ఎవ్వడూ రాలేడు. నేను ఇంట్లో ఉండక్కర్లేదు కూడా. ఇప్పుడు చూడు, కాఫీ తాగుతున్నానా? అది అక్కడ నిలబడే ఉంది."

వాస్తి చేతిలోని గ్లాసు ఆగిపోయింది. "ఇప్పుడు కూడానా, పాక్?"

"మరి! సాయంత్రం సముద్రం అవతలి కాలిమంతాన్ వాళ్లతో రేడియోలో కబుర్ల సభ ఉంది. ముందే చోటు పట్టకపోతే మదురా వాళ్లు ఎక్కి కూర్చుంటారు. బస్సులో సీటు మీద తుండు వేస్తాం చూడు, అలాగ. మైకు మీటకి బట్టల క్లిప్పు బిగించి వచ్చాను."

"ఎప్పుడు?"

"మధ్యాహ్నం, అన్నానికి ముందు."

"ఎక్కడ?"

"మీ పడవల చానెల్ మీద కాదులే అమ్మాయ్. పక్కన. వెంట్రుకవాసి పక్కన. వేడెక్కితే అది కాస్త జరుగుతుంది గానీ..."

వాక్యం చివరను జుమాదే మింగివేశాడు. రేడియోలో ఈల మరొకసారి లేచింది. ఈసారి దానిని గాలి అని ఎవరూ అనలేదు.

వాస్తి గొంతు పెరగలేదు. "మీ తరంగాన్ని దాటి ఎవరూ రాలేరన్నారు గదా, పాక్. మీరు చెప్పిన వాటన్నిటిలో అదొక్కటీ నిజం. ఆ ఈల మా ఆయనదే. మధ్యాహ్నం నుంచి పిలుస్తూనే ఉన్నాడు. రాలేకపోయాడు."

జుమాది లుంగీ ఎగగట్టి పరుగెత్తాడు. అతడు పరుగెత్తడం ఆ వీధి అంతకుముందు చూడలేదు.

ఆ పెద్దమనిషి ఇల్లు చేరేవరకు వాస్తి రేడియో ముందు నిలబడి ఊపిరిని లెక్కగా వదిలింది. చటుక్కున ఇసుక జల్లెడలోకి జారింది. 'సుయ్' మన్న ఆ సవ్వడి వెనువెంటనే, ఎంతో దూరంనుంచి, బొంగురుపోయిన గొంతు:

"...ఎవడ్రా ఆ కూర్చున్నది? లేవరా! ఇంజను ఆగిపోయింది, లంగరు జారుతోంది, ఎవరికైనా వినిపిస్తోందా?"

వాస్తి గ్లాసును గుండెకు అదుముకుంది. ఆమె రేడియోకు వినిపించడమే వచ్చు, బదులు పంపడం రాదు. బదులు మరొక గొంతు చెప్పింది. రొప్పుతూ, మాటకు మాటకు మధ్య తడబడుతూ.

"నేనే కస్మూరీ. జుమాదిని. లేచాను. ఎక్కడున్నావో చెప్పు."

"దీపస్తంభానికి పడమర. అలలు రాళ్ల వైపు తోస్తున్నాయి."

"సర్కుం మీ కొట్లో వింటున్నాడు. వస్తాడు. నువ్వు మాట్లాడు, నేను మీట వదిలేస్తున్నా."

సర్కుం అప్పటికే గడప దాటి, మోకు చుట్టను భుజాన వేసుకున్నాడు. వెనక్కి తిరిగి, "పాక్ ఇంత చిన్న కథ చెప్పడం పుట్టి ఇదే మొదలు, వదినా," అని, రేవు వైపు దూకుడుగా సాగిపోయాడు.

మీట వదిలిన చోట ఇసుక మళ్లీ జల్లెడలో పడింది. వాస్తి చెయ్యి చాచి, ఆ సవ్వడిని ఇంకొంచెం పెద్దది చేసింది.