పాత వంతెన దాటాక

లాకు అంటే తెలుసుగా, కాలవలో నీళ్ల మెట్టు: పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, నీళ్లు బయటికి వదిలి, పడవను కింది మట్టానికి దించుతారు. గోడ మీద చక్రం తిప్పుతూ లాకు చూసే పిన్ని. కింద పడవలో, పడుకోబెట్టిన తెరచాప కొయ్య పక్కన, అతను ఒక్కడే.

"ఒక్కరే ఉన్నారేం అల్లుడుగారూ? మా అమ్మాయేదీ?"

"లోపల పడుకుంది పిన్నిగారూ. తలనొప్పి అంటేనూ... మీరు నీళ్లు వదలండి, తొందరగా వెళ్లాలి."

"వదులుతున్నా, వదులుతున్నా. చక్రం తిరగొద్దూ? నాలాగే దీనికీ కీళ్లు పట్టేశాయి. అమ్మాయ్! ఏమ్మా! పిన్నినే, లే!"

"అరవకండి! అంటే... ఇప్పుడే నిద్రపట్టింది. పాడవుతుంది."

"పడవ కింది మట్టానికి దిగినంతసేపూ నా గదిలో కూచుని టీ తాగడం దానికి అలవాటు. ఓసారి జ్వరంతో ఉండి కూడా దుప్పటి కప్పుకుని ఎక్కొచ్చింది. ఆ పిల్లంటే నాకు ప్రాణం. మీరంటారా, దాని మొగుడు కాబట్టి మర్యాద."

"సరే సరే. ఇంకెంతసేపు? ఇప్పటికే పై తలుపుల దగ్గర గంటలకొద్దీ నిలబెట్టారు."

"ముందు ఇసక పడవ ఉందని చెప్పానుగా. ఏం, అంత తొందరేమిటి?"

"రేవులో ఒకాయన ఎదురుచూస్తున్నాడు. పడవ చూసుకుంటానన్నాడు."

"చూసుకోవడమంటే? కొనుక్కోవడమా?"

"ఆ... అలాంటిదే."

"వాళ్ల నాన్న సొంత చేతుల్తో కట్టిన పడవండీ! అమ్మడానికి ఒప్పుకుందా? మొన్న వచ్చినప్పుడు కూడా నా ప్రాణం ఉండగా అమ్మనివ్వను అంది, ఇదిగో ఈ గోడ మీదే కూచుని."

"ఒప్పుకుంది. మనసు మార్చుకుంది."

"మార్చుకుందా!"

"మార్చుకోకూడదా? పిన్నిగారూ, నీళ్లు దిగడం ఆగిపోయిందేం?"

"ఆగిందా? తూములో తుక్కు అడ్డం పడ్డట్టుంది. ఓపిక పట్టండి. సగానికి పైగా దిగారుగా."

"దిగడమేమిటి, బావిలో ఉన్నట్టుంది. గోడలనిండా నాచు. ఈ నిచ్చెనకి కింది మెట్లేవీ?"

"ఊడిపోయాయి బాబూ. నేను చెబుతూనే ఉన్నాను, పైవాళ్లు చేస్తాం చేస్తాం అంటూనే ఉన్నారు. అదేమిటి, చుక్కాని దగ్గర? ఆడవాళ్ల చెప్పులా ఉంది."

"తనదే."

"ఒక్కటే ఉందేం?"

"రెండోది... లోపలుంటుంది."

"ఒంటి చెప్పుతో వెళ్లి పడుకుందా?"

"నేను చూశానా? నీళ్లలో పడి ఉంటుంది."

"నీళ్లలోనా!"

"ఉంటుంది అన్నాను. పడిందనలేదు. ఆ తుక్కు సంగతి చూడండి ముందు!"

"చూస్తాను. తుక్కెక్కడికి పోతుంది. ఈలోగా బుట్టలో టీ దించుతాను, లేపి ఇవ్వండి. తలనొప్పికి మంచిది."

"వద్దు."

"పోనీ ఆ గది తలుపు కాస్త తియ్యండి. పైనుంచే ఒక్కసారి మొహం చూసుకుంటాను."

"వద్దన్నానా! అసలు... తను లేదు."

"లేదా?"

"లేదు. దిగిపోయింది. పాత వంతెన దగ్గర. వాళ్లక్క ఇంటికి."

"ఇందాక తలనొప్పి అన్నారు."

"ఆ తలనొప్పితోనే."

"ఒంటి చెప్పుతో."

"పోట్లాడుకున్నాం పిన్నిగారూ, చాలా? మొగుడూ పెళ్లాలన్నాక లక్ష ఉంటాయి. మీతో చెప్పుకోవడానికి సిగ్గేసి పడుకుందన్నాను."

"అయ్యో, ఆ ముక్క మొదటే చెప్పొచ్చుగా! ఇక్కడ పోట్లాడుకోని జంట ఏదీ? మా ఆయనా నేనూ పోట్లాడుకుంటే అవతలి గట్టు మీది వాళ్లు కూడా తీర్పు చెప్పేవాళ్లు. ఇంతకీ వంతెనకి ముందు దిగిందా, దాటాకా?"

"ముందు."

"ముందైతే, వంతెనకి తగలకుండా కొయ్య దించేటప్పుడు చుక్కాని ఎవరు పట్టారు?"

"...దాటాకే. దాటాకే దిగింది. కంగారులో..."

"అయితే దించేటప్పుడు చుక్కాని దగ్గర తనే ఉంది."

"ఉంది."

"పడవ ముందువైపు తాడు దగ్గర మీరు."

"ఎప్పుడూ అంతేగా."

"మీకు పెళ్లయిన కొత్తలో నేనే నేర్పాను. గుర్తుందా? ముందు తాడు వదిలితే కొయ్య వెనక్కి వాలుతుంది. సరిగ్గా చుక్కాని మనిషి నెత్తి మీదికి. అందుకని?"

"చిన్నపిల్లాడికి పాఠం అప్పజెప్పించినట్టు అప్పజెప్పిస్తారేమిటి?"

"అందుకని?"

"తాడు పట్టుకున్న మనిషి 'తల!' అని పిలవాలి. చుక్కాని మనిషి వంగి 'దించు!' అని పలకాలి. పలికాకే వదలాలి. సరేనా?"

"సరే. మా ఆయన భుజం వంకర చూశారుగా. పిలవకుండా వదిలింది నేనే. కొత్తలో, కోపంలో కాదు, కంగారులో. అప్పట్నుంచీ ఈ కాలవ మీద ఎవరు దించినా నా చెవి అటే ఉంటుంది. గాలి ఇటు కొడితే పాత వంతెన కింద మీ ఇద్దరి కేకా నాకు వినబడేది. మీది బొంగురు, దానిది కీచు. ఇవాళ కూడా గాలి ఇటే."

"అయితే?"

"ఏమీ వినబడలేదు."

"వంతెన మీద లారీలు పోతున్నాయి. అందులో మీ వయసుకి..."

"నా వయసుకేం, దోమ రెక్కాడించినా వినబడుతుంది."

"నీళ్లు వదులుతారా లేదా?"

"కోప్పడకండి."

"వదులు! ఏయ్, వదులు ముందు! పైకి వచ్చానంటే..."

"ఎలా వస్తారు? మెట్లు లేవుగా. పిన్నిగారు పోయి 'ఏయ్' వచ్చిందే! ఫరవాలేదు, గొంతు ఇప్పుడు బాగా పలుకుతోంది."

"అది కాదు పిన్నిగారూ. క్షమించండి. చలేస్తోంది, చీకటిగా ఉంది, ఈ గోడల మధ్య ఊపిరాడ్డం లేదు. మీకేం కావాలో చెప్పండి."

"ఒక్క మాట. వంతెన కింద పిలిచారా, లేదా?"

"పిలిచాను."

"పిలిచారు."

"పిలిచానంటే పిలిచాను! గట్టిగా, 'తల!' అని. తను వంగింది. 'దించు' అంది. అన్నాకే వదిలాను. తను... తనే మళ్లీ లేచి నిలబడితే నేనేం చెయ్యను?"

"లేచి నిలబడిందా? వాళ్లక్క ఇంటికి వెళ్లిందన్నారు?"

"అది ప్రమాదం. కొయ్య తగిలింది. పడిపోయింది. వెనక్కి తిరిగి చూశాను, మళ్లీ మళ్లీ చూశాను, నీళ్లలో ఏమీ కనబడలేదు. నేనేం చెయ్యను చెప్పండి, ఈత కూడా సరిగ్గా రాదు నాకు."

"పడవ ఆపారా?"

"ఆపితే... ఆపితే ఏముంది అక్కడ?"

"ఆపలేదు. సరే. పై తలుపుల దగ్గర అంతసేపు నిలబడ్డారుగా, ఆ ఇసక పడవ మీ కంటబడిందా?"

"లేదు. ఇప్పుడదెందుకు?"

"ఉంటేగా కనబడ్డానికి! పొద్దున్నుంచీ ఒక్క పడవా రాలేదు. తూములో తుక్కూ లేదు. ఊరి పోలీసు స్టేషన్ నుంచి జీపు రావాలిగా, అందుకు ఆపాను."

"జీపు... ఎందుకు? నువ్వు ఎవరికి ఏం చెప్పావ్? నువ్వేమన్నా చూశావా? ఎవరైనా చూశారా? నీ దగ్గర సాక్ష్యమేముంది?"

"నేనెక్కడ చూశాను బాబూ, ఇక్కడే ఉంటేనూ. కాలవ ఇంత మెలిక తిరిగి వస్తుంది గానీ, గట్టు మీద అడ్డదారిన పడితే పాత వంతెన ఎంత దూరం? తడిబట్టలతో, ఒంటి చెప్పుతో కుంటుకుంటూ వచ్చినా మీకన్నా ముందే వస్తారు. తలకి కట్టు కట్టించుకుని, టీ కూడా తాగొచ్చు. నిదానంగా రా తల్లీ, గోడ పట్టుకో, అక్కడ జారుతుంది. మీ ఆయన పిలిచాడట. గట్టిగానే పిలిచాడట. విన్నావుగా?"

"విన్నాను పిన్నీ. ఈ గొంతు వంతెన కింద ఎందుకు పెగల్లేదో అడుగు."