తలుపేసుకుని పాడుకో

యంత్రమా? నేనా?

చూడండమ్మా, నాకు మోకాళ్ల నొప్పులున్నాయి, బీపీ ఉంది, పుట్టింటి మీద బెంగ ఉంది. ఏ యంత్రానికైనా ఇన్ని ఉంటాయా? మీరేమో ఉత్తరంలో రాసిపారేశారు, "ఈ పాటను మనుషులు వినడం లేదు, యంత్రం వింటోంది, ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే తీసేస్తాం" అని. ఇవాళే ఏడో రోజు. కుట్టుపని వదిలేసి పరుగెత్తుకొచ్చాను.

అబ్బే, పాడింది నేను కాదు, మా అమ్మాయి. నేను పాడితే ఉత్తరం కాదు, పోలీసులే వచ్చేవాళ్లు. వెనక ఏ పెద్ద సంస్థా లేకుండా సొంతంగా పాడుకునేవాళ్లని జనంలోకి చేరుస్తామన్నారనేగా, అది పాట తెచ్చి మీ చేతుల్లో పెట్టింది?

ఈ ఉత్తరం సంగతి దానికి తెలియదు. దాని మెయిలు మా ఇంట్లో టాబ్లెట్‌లో కూడా తెరుచుకుంటుంది. ఒకరి ఉత్తరం ఇంకొకరు చదవడం తప్పే. చదివేశాక గుర్తొచ్చింది.

సరే, దాచడమెందుకు. విన్నది నేనే. ఐదు ఫోన్లలో.

నవ్వకండి! నాదొకటి, మా ఆయన పాతవి రెండు, అద్దం పగిలింది ఒకటి, పక్కింటావిడ బాగుచేయించమని ఇచ్చి మరిచిపోయింది ఒకటి. కుట్టుమిషన్ పక్కన ఇస్త్రీబల్ల మీద వరసగా పేర్చాను. కాలు మిషన్ మీద, చెయ్యి ఫోన్ల మీద. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రం అది ఇంటికొచ్చేదాకా.

మళ్లీ మళ్లీ దానంతటదే మోగే మీట ఉందా? తెలుసమ్మా. అది మాత్రం ముట్టుకోలేదు. అది మోసం కదా! పాట మూడు నిమిషాల పన్నెండు సెకన్లు. గడియారం పెట్టుకుని, అయిన ప్రతిసారీ ఈ వేలితో నేనే నొక్కాను. ఒక్క సెకను ముందూ లేదు, వెనకా లేదు.

ఆఁ? అందుకే దొరికిపోయానా? మనుషులు అంత కచ్చితంగా ఉండరా? బాగుంది! నలభై ఏళ్లుగా మా ఇంట్లో అందరూ అదే మొత్తుకుంటున్నారు. వాళ్ల మాట వినలేదు, ఇప్పుడు ఉత్తరం తెచ్చుకున్నాను.

మావాళ్లందరికీ దూరంగా వచ్చి పిల్లల్ని పెంచుకుంటున్నదాన్ని. వేలెత్తి చూపించుకోకూడదని భయం. ఎర్రదీపం ఉంటే ఖాళీ రోడ్డు కూడా దాటను. బట్టల్లో ఎవరిదైనా గుండీ మిగిలితే వెనక్కి తీసుకెళ్లి ఇచ్చొస్తాను. అలాంటిదాన్ని ఈ పని ఎందుకు చేశానంటారా?

అది ఏడాది పాటు ఇంట్లో పాడలేదమ్మా. స్నానం చేస్తూ కూడా కూనిరాగం లేదు. ఈ పాట మీ ద్వారా బయటికొచ్చాక రోజూ పొద్దున్నే ఎన్నిసార్లు మోగిందో చూసుకునేది. మొదటి వారం పదకొండు. అది చూసి ఫోను బోర్లా పెట్టేసింది. నేను మొదలుపెట్టాక రోజుకి ఏడొందలు, ఎనిమిదొందలు! "అమ్మా, ఎవరో వింటున్నారే" అని పళ్లు తోముకుంటూనే రాగం తీసింది. ఇక నా చెయ్యి ఆగుతుందా?

ఆ అంకెలు తీసేయండి, పాట ఉంచండి. పదకొండు చాలు. ఆ పదకొండు నిజమే కదా? అందులో నేను లేను. ఒట్టు.

ఏమిటీ? ఐదు ఫోన్లలోనూ శబ్దం సున్నాలో ఉందని కూడా మీకు తెలుస్తుందా? ఏం కంపెనీ అమ్మా మీది, అత్తగారి కన్నా ఘోరంగా ఉన్నారే!

బట్టలిచ్చేవాళ్లు వస్తూ పోతూ ఉంటారని... అందుకని...

కాదు. భయం. పాట పేరు చూశారుగా, "తలుపేసుకుని పాడుకో". అది నా మాటే. ఏడాది కిందట, ఎవరో తొందర పెడుతుంటే, జాకెట్టు చెయ్యి తిరగేసి కుట్టేసి, ఆ విసుగులో దాని మీద అరిచాను, "తలుపేసుకుని పాడుకో, కూడు పెడుతుందా నీ పాట!" అని. వేసుకుంది తలుపు. పాడలేదు. తర్వాత అదే పేరుతో పాట. అందులో నన్నెంత కడిగేసిందో వినే ధైర్యం నాకెక్కడిది? రెండు నెలలుగా ఒక్కసారీ వినలేదమ్మా. ఇదీ అసలు సంజాయిషీ.

వద్దు, పాట పెట్టకండి. వద్దంటుంటే...

...

ఆ వెనకాల తాళంలా టకటకమంటోందే, అది... నా కుట్టుమిషనే! పెడల్ దగ్గర కిర్రుమంటుంది చూడండి, నూనె వెయ్యాలి దానికి. తలుపు తెరిచి నా మిషన్ చప్పుడు ఎప్పుడు పట్టుకుందో దొంగముండ, దాని మీదే పాడింది!

సరే, రాసుకోండి. తప్పు చేసింది అమ్మ. అమ్మాయికి ఏ పాపమూ తెలియదు. ఉత్తరం కూడా దానికి నేనే చూపిస్తాను, వినలేదన్న సంగతీ నేనే చెబుతాను. ఏమంటుందో అంటుంది, పడతాను.

ఈలోగా ఇంకొక్కసారి పెట్టండమ్మా. లెక్కలో వేయకపోయినా ఫర్వాలేదు.