కాసులమ్మ ఉప్పు

“డాక్టరమ్మా, మా అమ్మ గొంతు మీద కోడిగుడ్డంత గడ్డ లేసింది, సూడండి!”

బరంపురం లంజిపల్లిలో డాక్టర్ పుణ్యవతి క్లినిక్. ఎదురుగా హుమ్మ ఊరి ఉప్పు వ్యాపారి వైకుంఠరావు, అతని తల్లి కాసులమ్మ.

“ఒకసారి గుటక వెయ్యండమ్మా... ఊఁ. గడ్డ కదులుతోంది. గాయిటర్ వైకుంఠరావు గారూ.”

“గాయిటరా! అంటే ఏటండి? కేన్సరేటి?”

“కంగారు పడకండి. లాటిన్‌లో గొంతుని గుత్తుర్ అనేవారు. ఫ్రెంచివాళ్ల నోట్లో నలిగి ఇలా అయింది.”

“ఓలమ్మ! గొంతుకేటైందంటే గొంతేనంట. ఈ మాట కోసం బరంపురం దాకా రావాలేట్రా వైకుంఠం?”

“నువ్వూరుకోయే! మన బాసలో సెప్పండి డాక్టరమ్మా.”

“గళగండం. గళం అంటే గొంతు, గండం అంటే ఇక్కడ వాపు. మీకు తెలిసిన మాటేగా?”

“నాకెలా తెలుస్తాదండి?”

“మీ అమ్మగారు నాకోసం తెచ్చిన ప్యాకెట్టు మీద మీరే అచ్చేయించారు. ‘కాసులమ్మ అయోడిన్ ఉప్పు. గళగండాన్ని దరికి రానివ్వదు.’ పక్కనే అమ్మగారి ఫొటో.”

“అదా... వేరే కంపెనీ పేకట్టు సూసి కొట్టించినానండి. మందు రాసీండి, ఎల్లిపోతాం.”

“ఆగండి. అయోడిన్ తక్కువైతే ఇలా వాస్తుంది. చేపలు తింటారా అమ్మా?”

“మా ఆయన పోయినకాడ్నుంచి నీసు ముట్నేదు తల్లీ.”

“ఇంట్లో వాడే ఉప్పు?”

“ఈడేదో పరాయి ఉప్పు తెచ్చి డబ్బాలో పోస్తాడు. నా బొమ్మున్న ఉప్పుండగా నాకదేల? పెరట్లో పారబోసి మన పేకట్టే ఇప్పుకుంటన్నాను. నాలుగేళ్లయింది.”

“పారబోస్తన్నావా! నాలుగేళ్లా! అమ్మా!”

“సొంత ఫ్యాక్టరీ ఉండగా బయట ఉప్పెందుకు కొంటున్నారండీ?”

“అదీ... రుసి... రుసి మారుద్దని...”

“ఉప్పుకి రుచి మారుస్తారా? ఉండండి, మీ ఉప్పు మీద ఈ పరీక్ష మందు చుక్క వేస్తాను. అయోడిన్ ఉంటే నీలమవుతుంది.”

“వద్దండి! ఆ పేకట్టు పాతది.”

“నిన్న కట్టిందేరా. ఎయ్యమ్మా.”

“...తెల్లగానే ఉంది వైకుంఠరావు గారూ.”

“ఉప్పులో అయోడిన్ మందు కలిపే పైడన్న మరిసిపోయుంటాడండి. ఆడి సంగతి...”

“పైడన్నేటిరా? ఆడిని మానిపించీసి నాలుగేళ్లు కాలేదా?”

“అవునే అమ్మా! మందు కలపొద్దని మానిపించింది నేనే. ఊరందరికీ ఉత్తుప్పే అమ్మినాను. నీకొక్కదానికే మంచిది కొన్నానే!”