గురువారపు నాలుగు గంటలు

సస్కాచువాన్ మైదానంలో ఒక చిన్న ఊరు. ఉక్రేనియన్ క్రైస్తవుల గుడి కింది హాలు. డిసెంబరు మాసం, శనివారం మధ్యాహ్నం. మతిమరుపు జబ్బు వచ్చినవారిని ప్రతి గురువారం నాలుగు గంటలసేపు చేరదీసి, గుడి ఆడవారితో కలిపి కూర్చోబెట్టి, బంగాళాదుంప ముద్ద కూరిన, కజ్జికాయల్లాంటి పిరోహీల అంచులు నొక్కించే ఆ హాలును నడిపే డార్కా బల్లకు ఒకవైపు. భార్య స్తెఫానియాను అక్కడ అప్పగించి వెళ్ళే డెబ్బై నాలుగేళ్ళ ఒరెస్ట్ మరొకవైపు. నడుమ సగం రాసిన ఫిర్యాదు కాగితం.

“అది కాదు మామయ్యా, మీరే ఇలా రాసిస్తే ఇంక కమిటీ నా మాటేం వింటుంది? సాయంత్రం ఆరింటికి కూర్చుంటున్నారు. హాలు మూసెయ్యమంటారు.”

“మూసెయ్యమననీ.”

“పదకొండు ఇళ్ళవాళ్ళున్నారు దీన్ని నమ్ముకుని.”

“నా ఇల్లొకటి చాలు నాకు. మీ అత్తయ్య కాలివేళ్ళు రెండు నల్లబడ్డాయి, డార్కా. ఉంటాయో పోతాయో సోమవారం దాకా చెప్పలేనన్నాడు డాక్టరు. మైనస్ ఇరవై రెండులో బూట్లు లేకుండా రైలు పట్టాల దాకా నడిచింది. ధాన్యం గోదాం కుర్రాళ్ళు చూశారు కాబట్టి సరిపోయింది.”

“తెలుసు. దుప్పటి కప్పి తెచ్చింది నేనే కదా.”

“తెచ్చావు. పోగొట్టిందెవరు? అది చెప్పు.”

“పోగొట్టడానికి ఆవిడేమన్నా తాళంచెవా మామయ్యా?”

“మాట మార్చకు. పక్కన ఎవరు కూర్చున్నారు?”

“యెవ్కా పిన్ని.”

“ఎనభై ఏళ్ళ యెవ్కా. దానికే ఇంకో మనిషి కాపలా కావాలి.”

“ఆ యెవ్కా పిన్ని పక్కన కూర్చునే అత్తయ్య పూటకి పదిహేను డజన్లు నొక్కుతుంది. అంచు ఎక్కడా విడదు. నాకు కూడా అలా రాదు. గురువారం సాయంత్రం కాస్త తేటగా ఉంటుందని మీరే అన్నారు.”

“అన్నాను. ఇప్పుడు అది కాదు. యెవ్కా లేచి ఎక్కడికి పోయింది?”

“పొయ్యిమీద నీళ్ళ గుండిగ దింపడానికి. రెండు నిమిషాలు.”

“మరి తలుపుకి గంట కట్టారుగా?”

“మోగింది.”

“మోగిందా?”

“మోగింది మామయ్యా. క్రిస్మస్ ఆర్డర్లు తీసుకెళ్ళేవాళ్ళతో పొద్దుట్నుంచి నలభైసార్లు మోగింది. ఇంకెవరో డబ్బా పట్టుకుపోతున్నారనుకున్నాం. పిండి చేతులతో ఎవ్వరం తలెత్తలేదు. అది మా అందరి తప్పు. నా పేరు రాయండి, నేను పడతాను. యెవ్కా పిన్ని పేరు మాత్రం కొట్టెయ్యండి. మొన్నట్నుంచి ఆవిడకి గొంతులో గుక్కెడు సూపు దిగలేదు. ఏడుస్తూనే ఉంది.”

“ఏడవనీ. పదహారు నెలలుగా నేనేడుస్తున్నాను, ఎవరు చూశారు?”

“మేం చూశాం. చూశాం కాబట్టే ఆ షరతు పెట్టాం. మనిషిని వదిలినవాళ్ళు హాలు ఛాయలకి రాకూడదు, ఇంటికి పోయి పడుకోవాలని. మొన్న పడుకున్నారు కదా?”

“పడుకున్నాను.”

“ఇంటికి ఏడుసార్లు ఫోన్ చేశాను.”

“చెవి మిషను తీసేసి పడుకుంటాను. తెలుసుగా.”

“సరే.”

“సరే అంటే? నమ్మవా?”

“నమ్మకేం. ఏదీ, ఆ కాగితం ఇటివ్వండి. ‘హాలువారి అజాగ్రత్త వలన నా భార్య స్తెఫానియా, తలగుడ్డ విప్పి చేత పట్టుకొని, ఎవరును ఆపకుండగా వీధిలోనికి నడిచిపోయినది.’ బాగా రాశారు.”

“బళ్ళో పాఠాలు చెప్పినవాణ్ణి. రాయడం వచ్చు.”

“తలగుడ్డ చేత పట్టుకుందని మీకెవరు చెప్పారు?”

“ఎవరో చెప్పారు. నువ్వే.”

“నేను చెప్పలేదు. గోదాం దగ్గర దొరికినప్పుడు అది తలమీదా లేదు, చేతిలోనూ లేదు. ఇవాళ పొద్దున హాలు పక్క కిరాణా కొట్టు వెనక మంచు తవ్వుతుంటే నా పారకి తగిలింది. ఇంకా ఎవ్వరికీ చూపించలేదు. ఇదిగో.”

“తడిసిందే.”

“ఆరేస్తాను. మాట మార్చింది ఇప్పుడెవరు మామయ్యా?”

“వాళ్ళమ్మ కుట్టిన పూలు ఇవి.”

“అది ఆవిడ చేతిలో ఉండగా చూసినవాళ్ళు అక్కడే ఉండుండాలి. మొన్న కొట్టు వెనక మీ ట్రక్కు ఉందా?”

“ప్రతి గురువారం ఉంటుంది.”

“ప్రతి గురువారమా?”

“ఒక్కసారి కూడా ఇంటికి పోలేదు, డార్కా. ఆమె లేని ఇంట్లో కూర్చోలేను. ఆమె ఉన్న ఇంట్లోనూ కూర్చోలేను. ఆ ట్రక్కులో హీటరు వేసుకుని కూర్చుంటాను. నాలుగు గంటలూ ఎవరూ ఏమీ అడగరు.”

“కునుకు పట్టింది. అంతే కదా? పదహారు నెలలుగా నిద్రలేదు, కళ్ళు మూతపడ్డాయి. ఆవిడ వెళ్ళింది మీకు తెలీదు. అలాగే చెప్పండి. కమిటీలో ఒక్కరు కూడా తప్పు పట్టరు.”

“మంచి మాట అందించావు.”

“తీసుకోండి మరి.”

“తీసుకోవాలనే ఉంది. నిన్న ఫాదర్ దగ్గర చెప్పుకుందామని పోయాను. గుడి మెట్లెక్కి మళ్ళీ దిగొచ్చాను. ఆయన క్షమించేస్తాడు. దేవుడు ఆయన్ని పెట్టిందే అందుకు. కానీ యెవ్కా పేరు కాగితంమీద అలాగే ఉంటుంది కదా.”

“అయితే ఈ కాగితం చింపేస్తాను.”

“చింపు. ఇంకోటి తియ్యి. నేను చెప్తాను, నువ్వు రాయి. రాసింది రాసినట్టు ఆరింటికి చదువు.”

“వద్దు మామయ్యా. ఏం చెప్పబోతున్నారో నాకు తెలీదు గానీ, వద్దు. అత్తయ్యని ఇంక మీ దగ్గర ఉంచరేమో.”

“ఉంచకపోతే మానె. రాయి. ‘ఒరెస్ట్ హ్నాత్యుక్ అను నేను దేవుని యెదుట చెప్పునది ఏమనగా, జరిగినదానిలో హాలువారి దోషము గాని యెవ్కా దోషము గాని లేదు.’”

“రాశాను.”

“‘గురువారం మధ్యాహ్నం ఒంటిగంట దాటిన పిమ్మట నా భార్య నా ట్రక్కు ప్రక్కకు వచ్చి నిలిచి, అద్దములోనుండి నన్ను చూచి, నా పేరు పెట్టి పిలిచినది.’”

“పేరు పెట్టా? అత్తయ్యా?”

“తొమ్మిది నెలల తర్వాత మొదటిసారి. రాయి.”

“మామయ్యా.”

“రాయమన్నానా. ‘రెండుమార్లు పిలిచినది. నేను మెలకువతోనే ఉంటిని. ఆమె వెళ్ళిపోవువరకు ముఖము అటు త్రిప్పుకొని కూర్చుంటిని.’”