ఏడు పుస్తకాలు రాయించిన అటెండరు

కాలేజీ లైబ్రరీలో ముప్పై ఏళ్ళు అటెండరుగా చేసి మొన్ననే రిటైరైన కేటలాగు బాబాయికి ఇప్పుడు గేటెదురు టీకొట్టు బల్లే ఆఫీసు. ఆ సాయంత్రం పక్కన బావమరిది కూడా ఉన్నాడు. ఆ కాలేజీలో చదివి బయటికొచ్చిన ఏడుగురు కొత్తగా ఏడు పుస్తకాలు రాశారు, రేపు వాటికి సభ. "స్టేజీ మీద నాకు కుర్చీ వేస్తున్నారు, వచ్చి చూడరా" అని బాబాయే ఫోను చేస్తే, పాపం ఆ బావమరిది ఇస్త్రీ చొక్కా సంచిలో పెట్టుకుని బస్సెక్కి వచ్చేశాడు. కుర్చీ సంగతి దేవుడెరుగు, బాబాయికి ఇంతవరకు కార్డే రాలేదు. ఆ ముక్క చెప్పడానికి నోరు రాక, పొద్దుట్నుంచీ ఇంకేదో చెబుతూనే ఉన్నాడు.

"ఏదో చిన్న సాయంలేరా. కిటికీ పక్క టేబులు దగ్గర ఒకమ్మాయి, వాళ్ళమ్మ కుట్టుమిషను మీద పుస్తకం రాస్తోంది..."

"టేబులుండగా మిషను మీదెందుకు బావా?"

"మిషను గురించిరా బాబూ! పేరు కుదరక పెన్ను మూత కొరుక్కుంటుంటే, నేను పుస్తకాల వీపున నంబరు చీటీలు అంటించుకుంటూ అటుగా వెళ్తూ ఒక పేరు పడేశాను. ఎగిరి గంతేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పేరే ఇలా ఉంటే లోపలిది ఇంకెలా ఉంటుందో చెప్పండి బాబాయ్ గారూ అని పట్టుకుంది. సరే, అడిగింది కదా అని మొదటి అధ్యాయం చెప్పాను, జిగురు ఆరేలోపల రెండోది కూడా చెప్పేశాను."

"చెప్పే ఉంటారు," అంది టీకొట్టు ఆవిడ గ్లాసులు కడుగుతూ.

"నమ్మవు కదూ? ఇంకా ఉంది విను. ఈ సంగతి ఎలా పొక్కిందో పొక్కింది, మిగతా ఆరుగురూ వచ్చి పడ్డారు. ఏడుగుర్నీ వరసగా కూర్చోబెట్టి, తలా ఒక వాక్యం చొప్పున, ఒకళ్ళకి చరిత్ర, ఒకళ్ళకి లెక్కలు, ఒకళ్ళకి చేపల పెంపకం, గుక్క తిప్పుకోకుండా చెబుతూ పోయాను. మధ్యలో ఒక్క తుమ్మొచ్చింది, అంతే, ఒక వాక్యం పక్క టేబులుకి జరిగిపోయింది. ఇప్పటికీ ఆ చేపల పుస్తకంలో బొచ్చెచేపకి పట్టాభిషేకం జరుగుతుంది, కావాలంటే చూసుకో."

బావమరిది ముక్కున వేలేసుకున్నాడు. అది చూసి బాబాయికి ఇంకో నాలుగు రెక్కలొచ్చాయి.

"అసలు గొడవ అచ్చులో వచ్చింది. ఏడూ ఒకేసారి వెళ్ళేసరికి ప్రెస్సులో 'క' అయిపోయింది. మర్నాడు పేపర్లో 'కాకి' అని పడాల్సిన చోట ఉత్త దీర్ఘమూ గుడీ మిగిలాయి!"

"ఇప్పుడంతా కంప్యూటరే కదా బాబాయ్?" అంది టీకొట్టు ఆవిడ.

"కంప్యూటర్లోనేనమ్మా అయిపోయింది! సరే, ఎలాగో తెప్పించారు. ఏడు పుస్తకాలూ తెచ్చి మేడ మీద రీడింగ్ రూములో పెట్టాను. ఎంత సరుకుందో ఏమో, నేల మెల్లగా దిగడం మొదలెట్టింది. గదికి గదే కిందికొచ్చి కూర్చుంది, ఒక్కడూ పేజీ మీంచి తలెత్తలేదు. రీడింగ్ రూము ఇప్పుడు కిందెందుకుందనుకున్నావ్?"

"అమ్మో!" అన్నాడు బావమరిది. "అయితే రేపు స్టేజీ మీద నడి మధ్య కుర్చీ నీదే అయ్యుంటుంది. ఏదీ, ఆ కార్డోసారి చూపించు, అక్కకి ఫోటో తీసి పంపుతాను."

బాబాయి జేబు తడుముకున్నాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు. అప్పుడు చివరి బల్ల మీద అటు తిరిగి టీ తాగుతున్నావిడ గ్లాసు పెట్టి లేచి వచ్చింది. ఆ ముఖం చూడగానే ఆయనకి తల కొట్టేసినట్టయింది. కిటికీ పక్క టేబులమ్మాయి.

"కుట్టుమిషను పుస్తకం నాదేనండీ," అంది బావమరిదితో. "ఈయన ఎదురుగా నాలుగేళ్ళు కూర్చున్నాను. ఆ నాలుగేళ్ళలో ఈయన నోటంట నేను విన్నది ఒక్కటే. 'ష్!'"

టీకొట్టు ఆవిడ పగలబడి నవ్వింది. బావమరిది కూడా నవ్వాడు. బాబాయి మాత్రం తలొంచుకున్నాడు.

"కార్డు రాలేదురా," అన్నాడు. "నన్నెవరూ పిలవలేదు. ముప్పై ఏళ్ళు చేశాను, పిలుస్తారనుకున్నాను. సిగ్గేసి నీకు చెప్పలేదు."

"పిలిచామండీ," అందామె సంచిలోంచి కవరు తీస్తూ. "మీరు ఖాళీ చేసిన క్వార్టరుకెళ్ళి తిరిగొచ్చింది, అందుకే నేనే వెతుక్కుంటూ వచ్చాను. మా ఇల్లు రెండు గదులు, మనుషులం తొమ్మిదిమందిమి. మీరు నాకు ఒక్క మాటా చెప్పలేదు బాబాయ్ గారూ. నా పక్కన ఇంకెవర్నీ మాట్లాడనివ్వలేదు. పుస్తకం అందుకే పూర్తయింది. రేపు సభలో ఈ సంగతి చెబుతాను, ముందు వరసలో మీరుండాలి."

బాబాయి కార్డు రెండు చేతులా పట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

"ముందు వరసేనా?" బావమరిదికి మాత్రం మనసొప్పలేదు. "స్టేజీ మీద కుర్చీ అన్నాడే!"

"వేద్దామనే అనుకున్నామండీ," అందామె. "కానీ ఇందాకట్నుంచి అక్కడ కూర్చుని అంతా విన్నాను. స్టేజీ మీద మైకుంటుంది కదా!"